పొట్టేళ్ల ప్రాజెక్టు డైరీ: ఎక్కేవీ, దాటేవీ, ఊరికే చూసేవీ

ముందే చెప్పేస్తా, మా పొట్టేళ్లలో కొన్ని గొర్రెలతో ఎందుకు జతకట్టడం లేదో కనుక్కునే ఈ పని మొదలైంది తప్పుడు అనుమానంతో. ఆరు పొట్టేళ్లలో రెండు ఒక్క గొర్రెనూ దాటడం లేదు, ఇంకొకటి ఒకరోజు దాటితే నాలుగు రోజులు ముఖం తిప్పుకుంటుంది. టెస్టోస్టిరాన్ (మగ హార్మోన్) తక్కువై ఉంటుంది, రక్తం తీసి కొలిస్తే తేలిపోతుంది అనుకున్నా. తేలలేదు, పది నెలలు పట్టింది. ఇలాంటి పని పెట్టుకోబోయేవాళ్లు కనీసం మొదటి రెండు దశలు చదవండి, బోలెడు రక్తం, డబ్బు మిగులుతాయి.

పొట్టేళ్లు ఇవి: నల్లమూతి (మందలో పెద్ద రౌడీ, పని కూడా అంతే బాగా చేస్తాడు), వంకరకొమ్ము (ఐదేళ్లవాడు), చుక్కలోడు, బక్కోడు (మూడ్ ఉంటేనే), మొండోడు (గొర్రెల వైపు చూడడు), చిన్నోడు (ఏడాదిన్నర, ఇంతవరకూ ఒక్కదాన్నీ దాటలేదు).

నోటుబుక్‌లో రెండు మాటలు వేరువేరుగా వాడాను. కాళ్లెత్తి మీదకెక్కి దిగిపోతే అది ఎక్కడం. జతకట్టడం పూర్తయితే దాటడం. ఈ తేడా మొదట్లో రాసుకోకపోవడం వల్ల ఏమైందో మూడో దశలో చెప్తా.

దశ 1: ఒక్కో శాంపిల్ తీసి మోసపోవడం

వారం తేడాతో ఒక్కో పొట్టేలుకి రెండేసి రక్తం శాంపిళ్లు. మెడ దగ్గర ఊలు కత్తిరించి, సిరలోంచి తీసి ల్యాబ్‌కి పంపాం. రిపోర్టు చూసి కాసేపు ఏమీ అర్థం కాలేదు. ఏ పనీ చేయని మొండోడికి మొదటి వారం మి.లీ.కి 11.8 నానోగ్రాములు, రెండో వారం 0.9. నల్లమూతికి మొదట 0.7, తర్వాత 6.2. మొదటి వారం కాగితం ఒక్కటే చూస్తే మందలో మొనగాడు మొండోడు.

ల్యాబ్ తప్పేమో అని పశువుల డాక్టరు గారికి ఫోన్ చేశా. ఆవిడ నవ్వారు. ‘‘ఒక్క శాంపిల్ పట్టుకొచ్చి జాతకం చెప్పమంటే ఎలాగండీ?’’

సంగతేమిటంటే, పొట్టేలు ఒంట్లో టెస్టోస్టిరాన్ రోజంతా ఒకే మట్టంలో ఉండదు. మెదడులో హైపోథాలమస్ జీఎన్ఆర్‌హెచ్ అనే హార్మోన్‌ను ఉండుండి ఒక్కో విడతగా వదులుతుంది. దాని వెంటే పిట్యూటరీ గ్రంథి నుంచి ఎల్‌హెచ్ అనే ఇంకో హార్మోన్ ఒక విడత వస్తుంది, అది వృషణాల్లో టెస్టోస్టిరాన్ తయారుచేసే లేడిగ్ కణాలను తట్టి లేపుతుంది, గంటలోపే రక్తంలో టెస్టోస్టిరాన్ జివ్వున లేచి మళ్లీ జారిపోతుంది. రోజులో ఇలాంటి విడతలు ఎన్ని అన్నది కాలాన్ని బట్టి మారుతుంది. జతకట్టే సీజన్ కానప్పుడు కొన్నే, సీజన్‌లో ఎక్కువ. నేను తీసిన శాంపిల్ ఆ అల శిఖరం మీద పడిందో పల్లంలో పడిందో నాకెలా తెలుస్తుంది?

ఇప్పటిదాకా: శాంపిళ్లు 12, పనికొచ్చినవి 0.

దశ 2: ఎనిమిది గంటలు, 20 నిమిషాలకోసారి

ఆరింటికీ చేయడం మావల్ల కాదు. నల్లమూతి, మొండోడు, ఈ రెండే తీసుకున్నాం. మెడ సిరలో డాక్టరు గారు కాథెటర్ (సన్నని గొట్టం) పెట్టారు, నేను స్టాప్‌వాచీ పట్టుకుని కూర్చున్నా.

మొదటి ప్రయత్నం ఐదో గంటలో ఆపేశాం. నల్లమూతి కాథెటర్‌లో రక్తం గడ్డకట్టింది, అది ఒక కారణం. అసలు కారణం వేరే: రెండు పొట్టేళ్లూ బెదిరిపోయి ఉన్నాయి. కొత్త చోటు, తాడు, గ్లౌజుల వాసన. ఆయాసపడుతూ ఒక మూలకి ఒదిగాయి. భయపడ్డ జంతువులో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ పెరిగి ఎల్‌హెచ్ విడతలను అణిచేస్తుంది, కాబట్టి తీసిన 32 శాంపిళ్లలో మాకు కనిపించింది వాటి భయమే. పక్కన పడేశాం.

రెండోసారికి మార్చినవి:

1. పది రోజుల ముందు నుంచే రోజూ గంటసేపు అదే చోట కట్టి, మేత అక్కడే పెట్టాం. పదకొండో రోజుకి మొండోడు కట్టేసిన చోటే పడుకుని నెమరేశాడు, అప్పుడు నమ్మకం కుదిరింది.
2. ఒంటరిగా ఉంచలేదు. గొర్రె జాతికి పక్కన ఇంకోటి కనబడకపోతే సగం ప్రాణం పోతుంది.
3. కాథెటర్ ముందురోజు సాయంత్రమే పెట్టాం.
4. ప్రతిసారీ మొదటి 2 మి.లీ. పారబోసి, తర్వాతి 3 మి.లీ. శాంపిల్‌గా తీసి, రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ కలిపిన సెలైన్‌తో కాథెటర్ కడిగాం.
5. ట్యూబుల మీద పేరు, టైం ముందే రాసి వరసగా పెట్టుకున్నాం. మొదటిసారి తీశాక రాశా, మధ్యలో రెండు ట్యూబులు ఎవరివో తెలియకుండా పోయాయి.
6. ప్లాస్మా వేరుచేసి వెంటనే మైనస్ 20 డిగ్రీల్లో పెట్టాం.

రావాల్సినవి 50, ప్లాస్మా వేరుచేయడానికి గిరగిరా తిప్పే సెంట్రిఫ్యూజ్‌లో ఒకటి పగిలి 49 మిగిలాయి. ఫలితం: నల్లమూతికి మూడు శిఖరాలు, సగటు 4.6. మొండోడికీ మూడు శిఖరాలు, సగటు 4.9. అంటే పని ఎగ్గొట్టేవాడికే చిటికెడు ఎక్కువ.

ఇక్కడ నా సిద్ధాంతం కూలిపోయింది. తర్వాత చదివితే తెలిసింది, ఇది కొత్త విషయమేమీ కాదట. దాటాలన్న కోరికకు టెస్టోస్టిరాన్ కొంత మట్టం దాకా కావాలి. ఆ మట్టం దాటాక ఇంకా పోస్తే కోరిక అదే లెక్కన పెరగదు. మామూలు పొట్టేళ్లలో చాలావరకు ఆ మట్టానికి పైనే ఉంటాయి.

ఒక పక్కదారి ప్రలోభం కూడా రాసేస్తా, ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి. ‘‘ఓ రెండు ఇంజెక్షన్లు వేసేస్తే?’’ అని నేనూ అడిగా. డాక్టరు గారు ఒప్పుకోలేదు. బయటి నుంచి టెస్టోస్టిరాన్ ఇస్తే మెదడు ‘సరిపడా ఉంది’ అనుకుని ఎల్‌హెచ్ తగ్గించేస్తుంది. వృషణాల లోపల సొంతంగా తయారయ్యే హార్మోన్ పడిపోతుంది, వీర్యకణాల తయారీ దెబ్బతింటుంది, వృషణాలు చిక్కిపోతాయి. సంతానం కావాల్సిన పొట్టేలుకి అది వైద్యం కాదు, నష్టం. విత్తులు కొట్టిన పొట్టేలుని టీజర్‌గా (ఎదకొచ్చిన గొర్రెల్ని కనిపెట్టడానికి) వాడుకోవడానికైతే పనికొస్తుంది.

ఇప్పటిదాకా: శాంపిళ్లు 93, పనికొచ్చినవి 49, రాత్రులు పోయిన నిద్ర లెక్కపెట్టలేదు.

దశ 3: దొడ్డిలో పరీక్ష

ఇదే మొదట చేయాల్సింది. ఖర్చు దాదాపు లేదు, ఒక గడియారం, ఒక నోటుబుక్, ఎదకొచ్చిన గొర్రెలు.

మొదటి తప్పు ఆ ‘ఎదకొచ్చిన’ దగ్గరే జరిగింది. గొర్రె 17 రోజులకోసారి ఎదకొస్తుంది, ఎద ఒక రోజు, మహా అయితే రోజున్నర ఉంటుంది. మేం మందలోంచి చేతికందిన నాలుగింటిని తెచ్చి పెట్టాం. నల్లమూతి వాసన చూసి వదిలేశాడు, మేమేమో ‘సున్నా’ అని రాసుకున్నాం. తర్వాత గొర్రెల యోనిలో ప్రొజెస్టిరాన్ హార్మోన్ ఉన్న స్పాంజీలు 12 రోజులు ఉంచి తీయించాం, రెండో రోజుకి నాలుగూ ఎదకొచ్చాయి. అప్పటి నుంచే లెక్క మొదలు.

రెండో తప్పు, ఎక్కడాన్నీ దాటడాన్నీ ఒకే గీతగా గీయడం. బక్కోడికి మొదటిరోజు 14 గీతలు పడ్డాయి, మహా ఉత్సాహవంతుడు అనుకున్నాం. అందులో ఒక్కటీ దాటడం కాదు. అన్నీ పక్క నుంచి ఎక్కి జారిపోయినవే.

దగ్గర నుంచి చూస్తే పోల్చుకోవడం తేలికే. నల్లమూతి పద్ధతి ఇలా ఉంటుంది: గొర్రె మూత్రం పోస్తే ముక్కు తడుపుకుని, తల పైకెత్తి, పై పెదవి వెనక్కి ముడిచి, కొన్ని సెకన్లు శిలలా నిలబడతాడు. మూత్రంలోని వాసనలు నోటి పైభాగాన ఉండే ప్రత్యేకమైన అవయవానికి చేరేది అప్పుడే. తర్వాత పక్కకొచ్చి తల వంచి, నాలుక ఆడిస్తూ, గొంతులో గుర్రుమంటూ, ముందుకాలు బిగించి గొర్రె పక్కటెముకల కింద తంతాడు. గొర్రె కదలకుండా నిలబడి తోక ఆడిస్తూ వెనక్కి తిరిగి చూస్తే సరే అన్నట్టు. ఎక్కాక ఒక్క గట్టి తోపు, దాంతోపాటే తల వెనక్కి విసురుతాడు. దిగాక తల దించి, కాసేపు ఎవరితోనూ సంబంధం లేనట్టు నిలబడిపోతాడు. ఆ తల విసురు, ఆ నిలబడిపోవడం రెండూ కనిపిస్తేనే ‘దాటింది’ అని రాశాం.

చివరికి కుదిరిన పద్ధతి:

1. పొట్టేలుకి 30 నిమిషాలు, నాలుగు ఎద గొర్రెలు.
2. రోజు మార్చి రోజు, మూడుసార్లు.
3. వేరే పొట్టేలు కనబడకూడదు, వినబడకూడదు.
4. పరీక్షకు ముందు వారం గొర్రెల దగ్గరికి పంపకూడదు.

మూడో నియమం బక్కోడి పుణ్యం. మొదటి మూడు పరీక్షల్లో నల్లమూతి కంచె అవతల నిలబడి చూస్తున్నాడు, మేం పట్టించుకోలేదు. మంద చూసే పెద్దాయనే అన్నాడు, ‘‘వాడు చూస్తుంటే వీడేం చేస్తాడయ్యా, అన్న ఎదురుగా తమ్ముడు సిగరెట్టు కాలుస్తాడా?’’ నల్లమూతిని దూరంగా కట్టేశాం. బక్కోడు 30 నిమిషాల్లో మూడుసార్లు దాటాడు. హార్మోన్ లేదు, మందు లేదు, ఒక తడిక అడ్డం పెట్టడమే వైద్యం. పైచేయి ఉన్న పొట్టేలు చూపు కింద ఉన్నవాడిని ఎలా అణచేస్తుందో చదవడం వేరు, మూడు పరీక్షలు పాడుచేసుకుని తెలుసుకోవడం వేరు.

మూడు పరీక్షల సగటు (దాటినవి): నల్లమూతి 5, వంకరకొమ్ము 4, చుక్కలోడు 3, బక్కోడు 3, చిన్నోడు 0, మొండోడు 0.

చిన్నోడి సున్నా, మొండోడి సున్నా ఒకటి కాదు. చిన్నోడు గొర్రెల చుట్టూ తిరుగుతాడు, వాసన చూస్తాడు, పెదవి ముడుస్తాడు, తర్వాత ఏం చేయాలో తెలియనట్టు తల వైపు నుంచి ఎక్కబోతాడు. వాడు పుట్టినప్పటి నుంచీ మగవాటితోనే పెరిగాడు. అలా పెరిగిన కుర్ర పొట్టేళ్లలో కొన్ని మొదట్లో తడబడతాయి. వాడిని రోజూ గంటసేపు, ఇంకో పొట్టేలు లేకుండా, ఎద గొర్రెల మధ్య వదిలాం. ఎదలో ఉన్న గొర్రె పక్కన ఉంటే పొట్టేలులో ఎల్‌హెచ్, టెస్టోస్టిరాన్ విడతలు కూడా పెరుగుతాయి, అంటే హార్మోన్ ప్రవర్తనను నడపడమే కాదు, ప్రవర్తన కూడా హార్మోన్‌ను నడుపుతుంది. ఐదో రోజు ఎక్కాడు, తొమ్మిదో రోజు దాటాడు. ఆ రోజు తేదీ నోటుబుక్‌లో ఎర్రపెన్నుతో ఉంది.

మొండోడి విషయం వేరు. నాలుగు ఎద గొర్రెల మధ్య వదిలితే మేత తింటాడు. బక్కోడిని పక్కన కట్టేస్తే కాలితో తన్నడం, గుర్రుమనడం, ఎక్కడం, అన్నీ చేస్తాడు. కోరికకు లోటు లేదు, అది మగవాటి వైపు ఉంది, అంతే.

అమెరికాలో ఐడహో రాష్ట్రం డుబోయ్‌లోని గొర్రెల పరిశోధన కేంద్రంలో ఇలాంటి పొట్టేళ్లను చాలాకాలం గమనించారు. దాదాపు 8 శాతం పొట్టేళ్లు మగవాటినే ఎంచుకుంటాయని తేలింది. 2004లో ఒరెగాన్‌లో చార్లెస్ రోసెల్లీ బృందం వాటి మెదళ్లు పరీక్షించింది. హైపోథాలమస్ ముందుభాగంలో ఒక చిన్న కణాల గుంపు ఉంటుంది, గొర్రెల్ని ఎంచుకునే పొట్టేళ్లలో అది మగవాటిని ఎంచుకునే పొట్టేళ్లలో కంటే సుమారు రెండింతలు పెద్దది. ఈ గుంపు పరిమాణం కడుపులో ఉండగానే టెస్టోస్టిరాన్ ప్రభావంతో రూపు దిద్దుకుంటుంది. గొర్రె చూలు సుమారు 147 రోజులు. అందులో 30వ రోజు నుంచి 90వ రోజు దాకా మెదడు మగ తీరుకి మలుపు తీసుకునే కాలం, ఆ రోజుల్లో టెస్టోస్టిరాన్ తగిలిన ఆడ గొర్రెపిల్లలు కూడా పెద్దయ్యాక మగవాటిలా ప్రవర్తిస్తాయి. కాబట్టి మొండోడి రక్తంలో ఇవాళ ఏదో వెతకడం వల్ల లాభం లేదు. వాడికి జబ్బూ లేదు, సంతానం పనికి మాత్రం వాడిని లెక్కలోంచి తీసేశా.

ఇప్పటిదాకా: పరీక్షలు 31, అందులో పారేసినవి 13.

దశ 4: కాంతి

ఒక సందేహం వదల్లేదు. మేం రక్తం తీసింది సీజన్ చివర్లో. హార్మోన్ మంచి ఊపు మీద ఉన్నప్పుడు తీస్తే తేడా బయటపడేదేమో? మా పొట్టేళ్లది పగటి పొడవును గట్టిగా పట్టించుకునే జాతి. పగలు తగ్గేకొద్దీ వీటికి ఊపు వస్తుంది. ఎందుకంటే రాత్రి చీకట్లో పీనియల్ గ్రంథి మెలటోనిన్ వదులుతుంది, రాత్రి పెరిగితే ఆ విడుదల సేపు పెరుగుతుంది, కొన్ని వారాలు అలా సాగితే జీఎన్ఆర్‌హెచ్ విడతలు చిక్కబడతాయి. 1970లలో ఎడిన్‌బరోలో జెరాల్డ్ లింకన్ సోయ్ జాతి పొట్టేళ్లను 16 గంటల వెలుతురులోంచి 8 గంటల వెలుతురుకి మార్చి, కాలంతో పని లేకుండా వృషణాలను పెంచి చూపించాడు. మేం దాన్నే కాపీ కొట్టాం. చెవి దగ్గర చర్మం కింద పెట్టే మెలటోనిన్ గుళికలు (పొట్టేలుకి 18 మి.గ్రా.వి మూడు) వాడితే పని తేలికయ్యేది, కానీ చీకటి వెలుతురులతోనే చూడాలనిపించింది.

ఎనిమిది వారాలు 16 గంటల వెలుతురు. నల్లమూతి వృషణాల చుట్టుకొలత 33.0 నుంచి 30.5 సెం.మీ.కి తగ్గింది, బాగానే ఉంది. తర్వాత 8 గంటల వెలుతురుకి మార్చాం. మూడు వారాలైనా కదలిక లేదు. కారణం టైమర్. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా దాని గడియారం మొదటికొచ్చి, బల్బు అర్ధరాత్రి వెలుగుతోంది. చీకటి మధ్యలో వెలుతురు పడితే జంతువు దాన్ని పొడుగు పగలుగానే లెక్కేసుకుంటుంది. మూడు వారాలు గంగలో కలిశాయి. బ్యాటరీ ఉన్న టైమర్ పెట్టి, తలుపు సందులకు నల్ల పట్టా కొట్టి, లోపల పది నిమిషాలు నిలబడి చూశా. కళ్లు అలవాటుపడ్డాక రెండు చోట్ల ఇంకా వెలుతురు గీతలు కనిపించాయి. మీరూ లోపలికెళ్లి నిలబడి చూడండి, బయటి నుంచి చూస్తే ఏ సందూ కనబడదు.

టేపు గురించి ఒక మాట. చలిగా ఉన్న ఉదయం సంచి ముడుచుకుని ఉంటుంది, చెయ్యి వేస్తే పైకి లాక్కుంటుంది. రెండు వృషణాలనూ మెల్లగా కిందికి దించి, చర్మం ముడతలు పోయాక, అన్నింటికన్నా వెడల్పైన చోట టేపు చుట్టి, మూడుసార్లు కొలిచి మధ్య అంకె రాయాలి. నేను ఒకసారి, పెద్దాయన ఒకసారి కొలిస్తే మొదట్లో 1.5 సెం.మీ. తేడా వచ్చేది. ఆయన టేపు బిగించి పట్టుకుంటాడు. తర్వాత ఒక్కరమే కొలిచాం.

చీకటి లెక్క కొత్తగా మొదలయ్యాక నల్లమూతి: 4వ వారం 31.5, 8వ వారం 33.5, 12వ వారం 35.0. కొలతలతోపాటే పోట్లాటలూ పెరిగాయి. ఐదో వారానికి గొడ్డలితో కట్టెలు కొడుతున్నట్టు శబ్దాలు. ఇక్కడ నేను చేసిన తప్పు, పొట్టేళ్లను విడివిడిగా కట్టకపోవడం. ఆరో వారం వంకరకొమ్ము కింద పడ్డాడు, వృషణాలకు దెబ్బ తగిలి చీము పట్టింది. రెండూ తీసేయాల్సి వచ్చింది. దీనికి బాధ్యత నాదే.

12వ వారం మళ్లీ ఎనిమిది గంటల శాంపిళ్లు, 50. నల్లమూతి సగటు 4.6 నుంచి 9.8కి, మొండోడిది 4.9 నుంచి 9.1కి. హార్మోన్ రెట్టింపైంది, నల్లమూతి దాటడాలు 5 నుంచి 6 అయ్యాయి, అంతే. మొండోడు బక్కోడి మీద ఎక్కడం బాగా పెరిగింది. గొర్రెల దగ్గర సున్నా.

వీర్యం చూడాలనుకునేవాళ్లకు: కొత్త వీర్యకణం తయారవడానికి ఏడు వారాలు, బయటికి దారి పట్టడానికి ఇంకో రెండు వారాలు. నాలుగో వారంలోనే శాంపిల్ తీసి నిరాశపడకండి.

ఇప్పటిదాకా: శాంపిళ్లు 143, పనికొచ్చినవి 99.

దశ 5: వంకరకొమ్ము

ఇది ప్లాన్‌లో లేదు. వృషణాలు తీసేశాక రెండో రోజు ఒక్క శాంపిల్ తీశాం, 0.2 కన్నా తక్కువ. ఈసారి ఒక్కటి చాలు, లేవడానికి అల ఎక్కడిది? ఆ తర్వాత గాయం మానాక అవే 30 నిమిషాల పరీక్షలు, ఎద గొర్రెలు దొరికినప్పుడల్లా.

2వ వారం: దాటడం తీరులో 3. నాకు నమ్మకం కలగక పెద్దాయన్నీ పిలిచి చూపించా. తల విసురు, నిలబడిపోవడం, అన్నీ ఉన్నాయి.
4వ వారం: 1, ఎక్కడాలు 7.
8వ వారం: 0, ఎక్కడాలు 5.
12వ వారం: 0, ఎక్కడాలు 2.

హార్మోన్ రెండో రోజే అడుగంటింది, అలవాటు మూడు నెలలు నిలిచింది. అనుభవం ఉన్న పొట్టేళ్లలో ఇది ఇంకా మెల్లగా తగ్గుతుందట. తగ్గే వరస కూడా గమనించండి, పని పూర్తిచేయడం ముందు పోయింది, ఎక్కడం తర్వాత, వాసన చూడడం అన్నింటికన్నా వెనక. ఇంతకుముందు మూడు బద్ధకం పొట్టేళ్లకు రక్తంలో లోటు వెతికా, దొరకలేదు. లోటు నిజంగా ఉన్నవాడు మాత్రం రెండు వారాల తర్వాత కూడా మొండోడి కన్నా బాగా పనిచేశాడు.

డాక్టరు గారు వాడిని టీజర్‌గా వాడుకోమన్నారు. టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు మొదలైతే ప్రవర్తన తిరిగి రావడానికీ వారాలు పడుతుంది, ఒక్కరోజులో స్విచ్ వేసినట్టు రాదు. ఇంకో తమాషా, ఆ టెస్టోస్టిరాన్‌లో కొంత మెదడులోకి వెళ్లాక అరోమటేజ్ అనే ఎంజైము చేతిలో పడి ఈస్ట్రడయోల్‌గా మారుతుంది. మనం ‘ఆడ హార్మోన్’ అని పిలిచేది అదే. విత్తులు కొట్టిన పొట్టేళ్లకు ఈస్ట్రడయోల్ ఒక్కటే ఇచ్చినా ఎక్కడం తిరిగొస్తుంది. పెద్దాయనకి ఇది చెప్తే నా వైపు అదోలా చూసి బీడీ వెలిగించుకున్నాడు.

16వ వారం, ఇంజెక్షన్లు ఇంకా మొదలుపెట్టలేదు. ఇవాళ పొద్దున 30 నిమిషాలు: దాటడం 0, ఎక్కడం 0. ఒక గొర్రె మూత్రం పోస్తే వెళ్లి ముక్కు తడుపుకున్నాడు, తలెత్తి పెదవి ముడిచాడు, స్టాప్‌వాచీలో 9 సెకన్లు. తర్వాత మేత తొట్టి దగ్గరికి వెళ్లిపోయాడు.

మొత్తం: శాంపిళ్లు 144, పనికొచ్చినవి 100, దొడ్డి పరీక్షలు 58, పోయిన వారాలు 3, పోయిన వృషణాలు 2.